టీచర్లకు ట్యాక్స్ మినహాయింపు: మా వీధి చివర ట్యాక్స్ రిటర్నులు నింపిపెట్టే ఆఫీసుకు 3 స్టార్లు

డాలస్‌లో ఎలిమెంటరీ టీచర్ని. మార్కర్లు, టిష్యూ డబ్బాలు, పెన్సిళ్లు సొంత డబ్బుతో కొంటాను కాబట్టి, ఆ ఖర్చుకిచ్చే ట్యాక్స్ మినహాయింపు కోసం రసీదులన్నీ పాత బూట్ల డబ్బాలో కుక్కి తీసుకెళ్లాను. కౌంటర్ దగ్గరి కుర్రాడు "మేడమ్, మీకు 300 డాలర్లు వెనక్కి వస్తాయి" అన్నాడు. రావు బాబూ! అది పన్ను వేసేముందు ఆదాయంలోంచి తీసేసే మొత్తం, అంతే. 12 శాతం స్లాబులో ఉంటే మిగిలేది 36 డాలర్లు, 22 శాతంలో అయితే 66.

లోపలున్న పెద్దావిడ మాత్రం బంగారం. ఏడాదికి 900 గంటలు బడిలో పనిచేశానా లేదా అని ముందే అడిగింది, ట్యాక్స్ రిటర్నుకు జతచేసే షెడ్యూల్ 1 ఫారంలో సరైన గడి చూపించింది. పైగా, ప్రభుత్వానికి దీనివల్ల ఎంత నష్టమని అడిగితే కాగితం మీద లెక్కేసింది: ఊరికే అనుకుందాం, 10 లక్షల మంది పూర్తిగా వాడుకుంటే 30 కోట్ల డాలర్లు ఆదాయంలోంచి పోతాయి, కానీ ఖజానాకు పడే బొక్క ఆ 30 కోట్లు కాదు, అందరూ 12 శాతంలో ఉంటే 3.6 కోట్లు, 22లో ఉంటే 6.6 కోట్లు. అందుకే అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్‌కు అంచనాలు వేసిచ్చే జాయింట్ కమిటీ ఆన్ టాక్సేషన్ వాళ్లకు ఎంతమంది వాడతారు, ఏ స్లాబులో ఉన్నారు అన్నదే అసలు తలనొప్పట.

ఈ మినహాయింపు 2002లో 250 డాలర్లతో మొదలై, 20 ఏళ్లకు 300 అయింది. నా టిష్యూ డబ్బాల ఖర్చు అంత నిదానంగా పెరగలేదు లెండి.

ఫీజు కాస్త ఎక్కువే. వెళ్తే పెద్దావిడ ఉన్నప్పుడే వెళ్లండి.