కర్నూలులో పిల్లలకు ఆయమ్మ: మూడేళ్ల తర్వాత

పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా, ఇద్దరు పిల్లలు. చిన్నదానికి ఎనిమిది నెలలప్పుడు మొదలైన ఏర్పాటు. రెండుసార్లు తప్పింది, మూడోసారి నిలబడింది.

ముందు ఏజెన్సీ సంగతి. ఒక నెల జీతం కమీషన్‌గా ముందే తీసుకుంటారు, మనిషి మానేస్తే ఇంకొకరిని పంపుతామంటారు. పంపుతారు కూడా. కానీ ఏడాది నిండని పిల్లకు మనిషి మారితే మళ్లీ వారం రోజులు ఏడుపు, పాలు సరిగా తాగదు. దానికంటే వీధిలో పసిబిడ్డలకు నీళ్లు పోసే అవ్వను అడగడం చాలా మేలు. ఎవరి చెయ్యి మెత్తన, ఎవరికి ఓపిక తక్కువ అన్నది ఆమెకు తెలిసినంత ఇంకెవరికీ తెలీదు. నడిచొచ్చే దూరంలో ఉన్న మనిషినే చూడండి. కల్లూరు నుంచి సి.క్యాంపుకు ఆటోలో రావాల్సిన మనిషి వాన పడితే ఆగిపోతుంది.

ఆధార్ జిరాక్స్ తీసుకుంటే చాలదు. ఆధార్ యాప్‌లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి, వచ్చిన పేరు, ఫొటో కార్డుతో కలుస్తున్నాయో లేదో చూడాలి. ఇంతకుముందు చేసిన ఇంటికి ఫోన్ చేయడం కాదు, వెళ్లి మాట్లాడాలి. "బాగా చేస్తుందా" అంటే ఎవరైనా చేస్తుందనే అంటారు. "బిడ్డ కింద పడినప్పుడు తనే చెప్పిందా, మీరు బొప్పి చూసి అడిగారా?" అని అడగండి. నా లెక్కలో ఈ ఒక్క జవాబు మిగతా అన్నిటికంటే పెద్దది. ఊరి నుంచి పదేళ్ల పిల్లను తెచ్చి చంటిబిడ్డను ఎత్తుకోమనే ఇళ్లు ఇంకా ఉన్నాయి. 14 ఏళ్లలోపు పిల్లలను ఇంటిపనికి పెట్టుకోవడం నేరం, ఆ పిల్లకూ బిడ్డకూ ఇద్దరికీ అన్యాయం.

మొదటి వారం సెలవు పెట్టి ఇంట్లో ఉండాల్సిందే. రెండు రోజులు మనం చేస్తుంటే ఆమె చూడాలి, రెండు రోజులు ఆమె చేస్తుంటే మనం పక్క గదిలో ఉండాలి. చివరి రెండు రోజులు బయటికెళ్లి, చెప్పిన టైముకంటే ముందే రావాలి. డైపర్ మార్చాక సబ్బుతో చేతులు కడిగిందా, ఫోన్ చూపించకుండా సంగటి తినిపించిందా, బట్టలు ఆరేయడానికి మిద్దెపైకి పోతూ పిల్లను ఎక్కడ వదిలింది? అన్నిటికంటే నీళ్లు. బాత్రూంలో బకెట్లు, పెరట్లో తొట్టి నింపి పెట్టుకునే ఇళ్లు మనవి. నడక నేర్చే బిడ్డ బకెట్లోకి తలకిందులైతే తనంతట లేవలేదు, అరవనూ లేదు. రెండు అంగుళాల నీళ్లు చాలు. చెప్పకుండానే బకెట్ బోర్లించి, బాత్రూం తలుపుకు పై గడియ వేసే మనిషి దొరికితే వదులుకోవద్దు.

మందుల సీసాలు ఆమె ముందు పెట్టి చూపించండి. పారాసిటమాల్ డ్రాప్స్ 1 ఎంఎల్‌లో 100 మిల్లీగ్రాములుంటాయి. సిరప్ 5 ఎంఎల్‌లో కొన్నిటికి 125, కొన్నిటికి 250. సిరప్ అనుకుని డ్రాప్స్ 5 ఎంఎల్ పోస్తే 500 లోపలికి పోయినట్టే. ఇంట్లో ఒకటే రకం ఉంచి, బరువును బట్టి డాక్టర్ చెప్పిన కొలత దగ్గర మందు పోసే పిచికారీ (సూది లేని సిరంజి) మీద మార్కర్‌తో గీత గీయండి. పెద్ద ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్లలోనే కలపాలి, మిగిలింది 24 గంటలకు పారబోయాలి. గ్లాసులో కొంచెం పొడి వేసి కలిపితే ఉప్పు ఎక్కువై ఇంకా ప్రమాదం. ఇక బుడ్డలు, అంటే వేరుశనగ గింజలు. వేయించిన గింజలు ప్రేమగా నోట్లో పెడతారు, గాలిగొట్టంలో ఇరుక్కుంటాయి. నాలుగేళ్లు నిండేదాకా పొడి చేసి అన్నంలో కలిపే పెట్టమనండి.

కెమెరా పెడితే ఆమెకు చెప్పే పెట్టండి. కరెంటు పోతే వైఫై పోతుంది, కెమెరా ఆగుతుంది. రూటర్‌కూ కెమెరాకూ 12 ఓల్టుల చిన్న యూపీఎస్ పెడితే ఆ తిప్పలు తప్పుతాయి. మీ అడాప్టర్ మీద 12 ఓల్టులే ఉందో చూసి కొనండి.

మనిషి నిలవాలంటే జీతం 1వ తేదీన చేతికందాలి, సెలవులు ముందే మాట్లాడుకోవాలి. శ్రావణంలో ఉరుకుంద ఈరన్న గుడికి పోతారు, పీర్ల పండక్కి, పత్తి తీసే రోజుల్లో సొంతూరికి పోతారు. ఆ రోజులకు జీతం కోస్తే నెల తిరక్కుండానే వేరే ఇల్లు చూసుకుంటారు. ఆమె రాని రోజుల కోసం రెండో మనిషిని నెలకోసారి ఒక పూట పిలిచి, కూలి ఇచ్చి, పిల్లలకు అలవాటు చేసి ఉంచండి.