ద్వారకానగర్ కన్సల్టెన్సీ: ఎస్‌ఓపీకి మంచి మార్కులు, జాతి గడులకు కాదు

ఈ కన్సల్టెన్సీలో ఎస్‌ఓపీ (ఎందుకు చదవాలనుకుంటున్నారో చెప్పే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్), ట్రాన్స్‌క్రిప్టుల (అధికారిక మార్కుల పత్రాల) పని చక్కగా చేస్తారు, ఫీజు కూడా న్యాయమే. తడబడేదల్లా అమెరికా యూనివర్సిటీ దరఖాస్తు ఫారంలో జాతి అడిగే పేజీ దగ్గరే.

‘అమెరికన్ ఇండియన్’ గడిలో ‘ఇండియన్’ కనబడగానే టిక్ పెట్టేస్తున్నారు. అది అమెరికా ఖండాల మూలవాసుల గడి. మనవాళ్లు పెట్టాల్సింది ‘ఏషియన్’. కింద ఉపవర్గాలుంటే ‘ఏషియన్ ఇండియన్’. జాతి వివరాల సేకరణకు అమెరికా ప్రభుత్వం పెట్టిన 1997 ప్రమాణం ప్రకారం చేసిన ఫారాల్లో ‘హిస్పానిక్ ఆర్ లాటినో’ ప్రశ్న విడిగా వస్తుంది, దానికి ‘నో’ పెట్టాలి. 2024లో సవరించిన ప్రమాణంలో అదీ జాతీ ఒకే ప్రశ్నలో కలిశాయి, మొత్తం 7 వర్గాలు. ఏ ఫారం వచ్చిందో చూడకుండా పాత నమూనా చూసి నింపితే తప్పులు దొర్లుతాయి.

పాడేరు, అరకు పిల్లల విషయంలో ఈ పొరపాటు మరీ బాధాకరం. ఎస్టీ సర్టిఫికెట్ చూసి ‘అమెరికన్ ఇండియన్’ పెట్టిస్తున్నారు. మన ఆదివాసీలైనా ఆ ఫారం లెక్కలో ఏషియన్లే. తమ గుర్తింపు చెప్పుకోవాల్సింది దరఖాస్తుతో పంపే వ్యాసంలో. అక్కడ ‘ట్రైబల్’ అని ఒక్క ముక్కలో తేల్చేయకూడదు. బగత, కొండదొర, పోర్జ అంటూ తెగ పేరే రాయాలి. రాజ్యాంగం 342వ అధికరణం కింద షెడ్యూల్డ్ తెగగా గుర్తింపు ఉందని ఒక వాక్యం జోడిస్తే విదేశీ పాఠకుడికి అర్థమవుతుంది. ‘గిరిజన’ అనాలా, ‘ఆదివాసీ’ అనాలా అన్నది ఆ విద్యార్థినే అడగాలి. ఇక్కడి కౌన్సెలర్లు అడగడం లేదు, అదే పెద్ద లోపం.

సబ్మిట్ నొక్కకముందే ప్రివ్యూ పీడీఎఫ్ తీసుకుని ఆ పేజీ మీరే చదవండి. చెప్పడం ఇష్టం లేకపోతే చాలా ఫారాల్లో ఆ ప్రశ్న వదిలేయవచ్చు.