ఎస్‌డబ్ల్యూఐ-ప్రోలాగ్‌లోని సీహెచ్‌ఆర్ లైబ్రరీ: ఒక సెమిస్టర్ వాడిన తరువాత

తిరుపతిలో నేను పాఠం చెప్పే ఎంసీఏ విద్యార్థులతో ఈ సెమిస్టర్ అంతా, తర్కం ఆధారంగా ప్రోగ్రాములు రాసే ఎస్‌డబ్ల్యూఐ-ప్రోలాగ్‌తో పాటు ఉచితంగా వచ్చే సీహెచ్‌ఆర్ (కన్‌స్ట్రెయింట్ హ్యాండ్లింగ్ రూల్స్) లైబ్రరీని వాడించాను. టామ్ ఫ్రూవిర్త్ 1991లో రూపొందించిన సీహెచ్‌ఆర్ భాషలో నియమాలు మూడు రకాలు: ఒకటి ఉన్న కన్‌స్ట్రెయింట్లను, అంటే ప్రోగ్రాం దగ్గరున్న సమాచారపు ముక్కలను, తీసివేసి వేరేవి పెడుతుంది, ఒకటి ఉన్నవాటిని ఉంచి కొత్తవి చేరుస్తుంది, ఒకటి కొన్నింటిని ఉంచి కొన్నింటిని తీసివేస్తుంది. ఇన్‌స్టాలేషన్‌లో ఏ ఇబ్బందీ రాలేదు.

సెమాంటిక్స్, అంటే ప్రోగ్రాంకు అర్థం ఏమిటన్నది, బోధించేవారికి ఈ లైబ్రరీ ఎంత విలువైనదో ఒక చిన్న ప్రోగ్రాం దగ్గర తెలిసింది. దర్శనం టోకెన్ ఇస్తే ఉదయం స్లాట్ అని ఒక నియమం, అదే టోకెన్ ఇస్తే సాయంత్రం స్లాట్ అని మరొకటి, రెండూ మొదటి రకంలోనే, ఒక విద్యార్థిని రాసింది. ఎన్నిసార్లు నడిపినా ఉదయమే వచ్చింది. రెండు నియమాలనూ కిందుమీదు చేయగానే ప్రతిసారీ సాయంత్రమే వచ్చింది. సిద్ధాంతంలోని ఆపరేషనల్ సెమాంటిక్స్ (ప్రోగ్రాం మెట్టుమెట్టుగా ఎలా నడుస్తుందన్న నిర్వచనం) ప్రకారం ఏ నియమమైనా ముందు వర్తించవచ్చు కనుక రెండు జవాబులూ సమ్మతమే. లైబ్రరీ మాత్రం నియమాలను రాసిన వరుసలోనే ప్రయత్నిస్తుంది, ఆ పద్ధతిని డక్, స్టకీ తదితర పరిశోధకులు 2004లో కచ్చితంగా నిర్వచించారు. నియమాలను తర్కంలోని వాక్యాలుగా చదివితే వచ్చే తార్కికార్థంలో చిక్కు ఇంకా లోతైనది. మొదటి రకం నియమం రెండు వైపులూ సమానార్థకాలని చెబుతుంది కనుక, ఈ రెండూ కలిస్తే ఉదయం స్లాటూ సాయంత్రం స్లాటూ ఒకటేనని తేలుతుంది. అంతేకాక, సాధారణ తర్కంలో ఒక మాటను రెండుసార్లు చెప్పినా ఒకసారి చెప్పినట్టే, కానీ శ్రీనివాసం కౌంటర్‌లో రెండు టోకెన్లంటే ఇద్దరు భక్తులు. వాడిన టోకెన్ ఖర్చయిపోతుందన్న సంగతిని పట్టుకోవడానికి బెట్జ్, ఫ్రూవిర్త్ 2005లో లీనియర్ లాజిక్‌తో (వాడిన మాట ఖర్చయిపోయే తర్కంతో) ఇచ్చిన అర్థమే ఇక్కడ సరిపోతుంది.

ట్రేస్ పెడితే ఏ నియమాన్ని ప్రయత్నించిందో, ఏది వర్తించిందో, ఏ కన్‌స్ట్రెయింట్ తొలగిందో మెట్టుమెట్టుగా కనిపిస్తుంది. నాకు బాగా నచ్చినది ఇదే. మాన్యువల్ సెమాంటిక్స్‌ను మాటల్లోనే, క్లుప్తంగా వివరిస్తుంది కనుక కన్‌ఫ్లుయెన్స్ గురించి, అంటే ఏ వరుసలో వర్తించినా ఫలితం ఒకటే కావడం గురించి, నేను బోర్డు మీద విడిగా చెప్పవలసి వచ్చింది. ఆ తరువాత ఆ అమ్మాయి టోకెన్‌లోనే వేళను చేర్చి, రెండు నియమాలకూ ఒకదానితో ఒకటి కలవని గార్డులు (నియమం ఎప్పుడు వర్తించాలో చెప్పే షరతులు) పెట్టింది. నియమాలను మళ్ళీ కిందుమీదు చేసి నడిపాము. ఈసారి జవాబు మారలేదు.