గండికోటలో టెంటు వద్దు, నడక మాత్రం వదలొద్దు

కడప జిల్లాలో పెన్న లోయ అంచున ఉన్న గండికోటలో టెంటు కోసం మనిషికి 1,200 రూపాయలు పెడదామనుకునే వాళ్ళు ముందు ఇది చదవండి. మేం వెళ్ళింది ముగ్గురం. నేను, మా ఆవిడ, ఆర్టీసీలో కండక్టరుగా రిటైరైన మా చిన్నాన్న. అనంతపురం నుంచి తాడిపత్రి మీదుగా జమ్మలమడుగు దాకా బస్సు, అక్కణ్ణుంచి పదిహేను కిలోమీటర్లు ఆటో, 450 రూపాయలు. అంతవరకు చెప్పుకోవడానికేమీ లేదు.

శనివారం కావడంతో టూరిజం వాళ్ళ హరిత హోటల్లో రూములన్నీ నిండిపోయాయి. ఫోన్లో దొరికిన క్యాంపు అతను "లోయ పక్కనే సార్, టెంటు జిప్పు తీస్తే సూర్యోదయం" అన్నాడు. ముగ్గురికి 3,600. అందులోనే రాత్రి భోజనం, క్యాంప్ ఫైర్, పొద్దున టిఫిన్ అన్నాడు. 1,500 అడ్వాన్సు ఫోన్‌పే చేశాం.

జిప్పు తీస్తే కనబడింది సర్కారు కంప, దాని వెనక పక్క క్యాంపు వాళ్ళ జనరేటరు. లోయ చూడాలంటే అక్కణ్ణుంచి చాలా దూరం నడవాలి. టెంట్లో పరుపంటే అర అంగుళం స్పాంజి, కింద గులకరాళ్ళన్నీ వీపుకు తెలుస్తాయి. దుప్పటి అడిగితే ఒక్కోటి వంద. మంట వెయ్యమంటే కట్టెలకు 300. "అన్నీ కలిపే అన్నావు కదప్పా" అంటే, "అది పదిమంది గ్రూపుకి సార్" అన్నాడు. అన్నంలోకి వచ్చిన చికెన్లో చిన్నాన్నకు పడ్డవి రెండు ముక్కలు, రెండూ మెడవే. క్యాంపులో ఉన్న అంతమందికీ కలిపి రెండే బాత్రూములు, వాటిలో ఒకదానికి గడియ లేదు. మా ఆవిడ లోపలికెళ్తే నేను బయట తలుపు పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. పన్నెండు దాటాక కూడా స్పీకర్లు మోగుతూనే ఉన్నాయి. కాస్త ఆపమని అడిగితే "వీకెండ్ కదా అంకుల్" అన్నారు పిల్లలు. చిన్నాన్న దుప్పటి చెవులకు చుట్టుకుని, "మా డిపో రెస్టురూము దీనికంటే మేలు రా" అని తెల్లారే దాకా కూర్చునే ఉన్నాడు.

పొద్దున టిఫిన్ తొమ్మిది తర్వాతేనట. మిగతా డబ్బు దగ్గర మా ఆవిడ రంగంలోకి దిగింది. టిఫిన్ తినలేదు, మంట వెయ్యలేదు, సూర్యుడు కనబడలేదు అని ఒక్కొక్కటీ తీసేస్తూ వచ్చి, ఇవ్వాల్సిన 2,100 దగ్గర దుప్పట్లతో కలిపి 1,700 చేతిలో పెట్టింది. అతను గొణిగాడు గానీ తీసుకున్నాడు. బ్యాగులు ఊళ్ళో ఒక టీ కొట్లో పెట్టి, ఆ చిరాకులోనే నడక మొదలెట్టాం. మా ప్రయాణంలో పనికొచ్చింది ఆ నడకే.

గండికోట ఊరు కోట లోపలే ఉంటుంది. ఊళ్ళోంచి బయల్దేరి, ఒకవైపుగా వెళ్ళి, చెరువు మీదుగా ఇంకోవైపు నుంచి మళ్ళీ ఊళ్ళోకే రావచ్చు. గైడు అక్కర్లేదు. చార్మినార్ అని పిలిచే పావురాల బురుజు, పాత జైలు ఊరి పక్కనే. అక్కణ్ణుంచి మాధవరాయ స్వామి గుడికి. నాలుగంతస్తుల గోపురం, మండపంలో స్తంభం స్తంభానికీ చెక్కడం, గర్భగుడిలో మాత్రం స్వామి లేడు. విజయనగర రాజుల సామంతులుగా ఇక్కడ ఏలిన పెమ్మసాని నాయకుల చేతి నుంచి ఈ కోట గోల్కొండ సుల్తాను తరఫున సేనాని మీర్ జుమ్లా చేతికి పోయింది. 1652లో అతనికి ముత్యాలు, రత్నాలు చూపించడానికి ఇక్కడికొచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, గుళ్ళలో విగ్రహాలు కరిగించి ఫిరంగులు పోయించే ప్రయత్నం జరిగిందని రాసిపెట్టాడు. ఇది చెప్తే చిన్నాన్న ఖాళీ గర్భగుడి ముందు కూడా చెప్పులు విడిచి దండం పెట్టుకున్నాడు.

జుమ్మా మసీదు, దానికి దగ్గర్లోనే ధాన్యాగారం. ధాన్యాగారంలోకి ముక్కుకు గుడ్డ కట్టుకుని వెళ్ళండి, గబ్బిలాల కంపు. రంగనాథస్వామి గుడి దాటాక బండల మీదుగా లోయ అంచు. అందరూ ఫోటోలు దిగే చోటు అదే. ఎర్రబండలు ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇటుకల్లా ఉంటాయి, కింద పెన్న. కంచె లేదు. పిల్లల్ని చెయ్యి వదలకండి. సెల్ఫీ కోసం అంచు దాకా వెళ్ళేవాళ్ళను చూస్తే మనకే టెన్షన్.

నేను ఎక్కువసేపు చూసింది నీళ్ళను. నీటి అంచుకు పైన రాతి మీద తెల్లటి చార, బారెడు మందాన, లోయ పొడుగునా ఒకే ఎత్తులో ఉంది. మేకలు మేపుకునే పెద్దాయన్ని అడిగితే, "మొన్న ఆడిదాకా ఉండె నీళ్ళు, మళ్ళీ ఎక్కుతాయిలే" అన్నాడు. సముద్రానికి ఆటుపోట్లు చంద్రుడి వల్ల వస్తాయి, ఇక్కడ ఇరిగేషన్ గేట్ల వల్ల. ఎగువన 26.85 టీఎంసీల గండికోట రిజర్వాయరు, దిగువన మైలవరం డ్యాము, మధ్యలో ఈ లోయ. పైన రిజర్వాయరుకు శ్రీశైలం నుంచి అవుకు మీదుగా కృష్ణ నీళ్ళు కూడా వస్తాయి కాబట్టి, కింద మనం చూసేది ఒక్క పెన్న నీళ్ళే అనుకోవడానికి లేదు. నీళ్ళ దాకా దిగాలనుకునే వాళ్ళు పైన గేట్లు ఎత్తారేమో ఊళ్ళో కనుక్కుని దిగండి. మా ఆవిడ సగం దాకా దిగి వచ్చింది. చిన్నాన్న మోకాళ్ళు చూపించి చెట్టు కింద కూర్చుండిపోయాడు.

తిరుగుదారి రాయలచెరువు వైపు నుంచి. ఆ దారిలో టూరిస్టు ఒక్కడూ కనబడలేదు. రాత్రంతా నిద్రలేని చిన్నాన్న అక్కడే గట్టు మీద తువాలు పరుచుకుని గురక పెట్టాడు. లేపబోతే మా ఆవిడ ఊరుకోలేదు.

టీ కొట్టు ఆమెను పొద్దునే అడిగి పెట్టాం, మధ్యాహ్నానికి భోజనం చెయ్యగలరా అని. ప్లేటు 180. కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టెలు మా కళ్ళముందే తట్టింది. నాటుకోడి పులుసు, చెనిక్కాయల ఊరిమిండి (అదే, వేరుశనగ పచ్చడి), సంగటి ముద్ద. రొట్టె పెనం మీంచి తీసి నేరుగా పొయ్యిలో నిప్పుల పక్కన నిలబెడితే, క్షణంలో పొంగి మళ్ళీ చదునైపోయింది. "తిను నాయనా, రాత్రి యాడ పండుకుంటిరి?" అని అడిగింది. క్యాంపు సంగతి చెప్తే, "మమ్మల్ని అడిగుంటే మిద్దె మీద చాపేసేదాన్ని కదా" అంది. చిన్నాన్న నాలుగో రొట్టెకు డబ్బులివ్వబోతే తీసుకోలేదు.

ముగ్గురికి 540. రాత్రి టెంటుకు పెట్టిన దాంట్లో దాదాపు ఆరో వంతు.

చలికాలంలో వెళ్ళండి. మార్చి దాటితే ఆ బండలు పది గంటలకే కాలతాయి, నీడంటే గుళ్ళు, మసీదే. నీళ్ళు మనిషికి రెండు లీటర్లు పట్టుకెళ్ళండి, ఊరు దాటాక కొట్లు లేవు. రాత్రి ఉండాల్సి వస్తే హరితలో ముందే బుక్ చేసుకోండి, దొరక్కపోతే జమ్మలమడుగులో లాడ్జి తీసుకుని తెల్లవారుజామున ఆటో మాట్లాడుకోండి. తిరుగు ఆటోకు మమ్మల్ని 600 అడిగాడు, చిన్నాన్న 400కి దించాడు. దారి పొడుగునా ఇద్దరూ డీజిలు రేటు మీద వాదించుకుంటూనే ఉన్నారు.