ఫాక్స్‌ఫేస్‌తో నాలుగేళ్ళు: నాచు పోయింది, జోయాలూ పోయాయి

చెన్నై వేళచ్చేరిలో మా హాల్లో ఉన్న 5 అడుగుల రీఫ్ ట్యాంకులో (ఉప్పునీటిలో పగడాలూ చేపలూ కలిపి పెంచే తొట్టి) ఫాక్స్‌ఫేస్ ర్యాబిట్‌ఫిష్ అనే సముద్రపు చేప ఒకటి ఉంది. 2021 ఆగస్టులో కొళత్తూరులో 4,500 రూపాయలు పెట్టి తెచ్చినప్పుడు నా చూపుడువేలంత ఉండేది. ఇప్పుడు జానెడుకు దగ్గరపడింది. పసుపు ఒళ్ళు, నలుపు తెలుపు మూతి అందరూ చూసినవే, వాటి జోలికి పోను. నాకు రాయాలనిపించింది దాని నోటి గురించి. ఇంత పనికొచ్చే నోరు నేను ఏ చేపకూ చూడలేదు. ఆ నోటివల్ల పోగొట్టుకున్న జోయాలను, అంటే పువ్వుల్లా విచ్చుకునే మెత్తటి పగడాలను, తలచుకుంటే మాత్రం ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

దాన్ని తెచ్చింది అందానికి కాదు. ఆ ఏడు మే నెల లాక్‌డౌన్‌లో మా ఆర్‌ఓ యూనిట్‌లో నీటిలో మిగిలిన లవణాలను పీల్చేసే డీఐ రెజిన్ అయిపోయింది. దుకాణాలు మూసి ఉన్నాయి. మా అపార్టుమెంటుకు వచ్చేవి ట్యాంకర్ నీళ్ళు. సున్నా ఉండాల్సిన టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల కొలత) 40 దాటి చూపిస్తున్నా, ఆవిరైపోయిన మేరకు రోజూ ఆ నీళ్ళే పోయక తప్పలేదు. చెన్నై ఎండల్లో ఆ సైజు ట్యాంకు రోజుకు ఐదారు లీటర్లు లాగేస్తుంది. జూలై వచ్చేసరికి ఆ నీళ్ళకు రాళ్ళన్నిటికీ పచ్చటి జుట్టులాంటి నాచు మొలిచింది. ఆ జుట్టు మొదళ్ళ దగ్గర పచ్చ గోళీల్లా బబుల్ ఆల్గే, అంటే బుడగల నాచు. టూత్‌బ్రష్‌తో గీకాను, చేత్తో పీకాను, మూడు రోజులు లైట్లు ఆపి చూశాను. నత్తలు జుట్టును కాస్త తిన్నాయి గానీ బుడగలను ముట్టుకోలేదు.

"ఇది సాధువు సార్. ఆకలి తీరిస్తే చాలు, పగడం వైపు చూడదు" అన్నాడు ఫాక్స్‌ఫేస్‌ను చూపిస్తూ కొళత్తూరు దుకాణం ఆయన. ఆ మాటలో మొదటి సగాన్ని నేను సరిగ్గా వినలేదు.

మొదటి పది రోజులు రాళ్ళ వెనకే దాక్కుంది. పదకొండో రోజు పొద్దున కాఫీ గ్లాసుతో వచ్చి చూస్తే, మధ్య రాయి మీద మేక గడ్డి కొరికినట్టు కొరుకుతోంది. పొడుగ్గా పెరిగిన జుట్టును అది ముట్టదు. అది నేనే చేత్తో పీకేయాల్సి వచ్చింది. పీకగా మిగిలిన పొట్టి మొదళ్ళను మాత్రం మళ్ళీ లేవనివ్వలేదు. బుడగల దగ్గర దాని ఓపిక చూడాలి. ఒక్కొక్కదాని ముందూ ఆగి, తల పక్కకు వంచి, మూతితో పట్టి లాగి నమిలేది. ఆరు వారాల్లో రాళ్ళ మీద ఊదా రంగు కోరలైన్ (రాళ్ళకు పూతలా పట్టే నాచు) మళ్ళీ కనిపించింది. నేను బ్రష్షుతో చేయలేనిది ఆ చిన్న నోరు చేసిపెట్టింది.

నెల్లూరు నుంచి మా అమ్మ వచ్చినప్పుడు రాత్రి ట్యాంకు ముందు నిలబడి, "ఏం అబ్బయా, నీ పసుపు చేప చచ్చిపోయినట్టుండాదే" అంది. పరుగెత్తుకొచ్చి చూశాను. ఒళ్ళంతా మట్టిరంగు మరకలు, రాతి సందులో కదలకుండా ఆనుకుని ఉంది. పడుకునేటప్పుడు, భయపడినప్పుడు అది అలా రంగు మారుస్తుందని ఆ రాత్రే చూశాను. పొద్దున్నే మళ్ళీ నిమ్మపండు పసుపు. ఈ రంగు సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత నా నిర్ణయాన్ని మార్చింది అదే.

రెండేళ్ళపాటు అడిగినవాళ్ళందరికీ ఫాక్స్‌ఫేస్ తెచ్చుకోమనే చెప్పాను. నా మాట విని ముగ్గురు కొన్నారు కూడా.

2023 డిసెంబర్ 3 రాత్రి మిచాంగ్ తుపాను వాన మొదలైంది. 4వ తేదీ పొద్దునకు వీధిలో నడుము లోతు నీళ్ళు, కరెంటు లేదు. మేముండేది రెండో అంతస్తు. ఇన్వర్టర్ మీద ఒక పవర్‌హెడ్ (నీటిని కదిలించే పంపు), ఒక గాలి పంపు మాత్రం ఉంచి ఇంట్లో ఫ్యాన్లు, లైట్లు అన్నీ ఆపేశాం. 5న తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిందని అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మా వీధికి కరెంటు మాత్రం రాలేదు. ఆ రాత్రికి ఇన్వర్టర్ కూడా ఆగిపోయింది. ఆ తర్వాత నేనూ, మా ఆవిడా, మా అమ్మాయీ వంతులేసుకుని చెంబుతో ట్యాంకు నీళ్ళు తోడి ఎత్తునుంచి మళ్ళీ ట్యాంకులోకే పోశాం, ప్రాణవాయువు అందాలని. రాత్రిళ్ళు అరగంటకోసారి అలారం.

మేత పూర్తిగా ఆపేశాను. నీరు కదలని ట్యాంకులో తిండి వేస్తే అది కుళ్ళి ఉన్న కాస్త ఆక్సిజన్నూ తినేస్తుంది. చేపలు నాలుగైదు రోజులు పస్తు ఉండగలవు. ఆ నిర్ణయం తప్పు కాదని ఇప్పటికీ అంటాను. 7న సాయంత్రం కరెంటు వచ్చింది. ఒక్క చేపా చావలేదు. ఆ రాత్రి మా అమ్మాయి ట్యాంకు ముందే పడి నిద్రపోయింది.

మర్నాడు జోయాలు విచ్చుకోలేదు. నాలుగు రోజుల చీకటికి ముడుచుకున్నాయనుకున్నాను. ఆ మర్నాడూ విచ్చుకోలేదు. దగ్గరికెళ్ళి టార్చి వేసి చూస్తే, ముడుచుకోవడానికి అక్కడ పాలిప్స్ (జోయాల పువ్వుల్లాంటి తలలు) ఉంటేగా! రాయిని పట్టుకున్న గోధుమరంగు తొక్క మాత్రం ఉంది, అంచులు కొరికి. 2020లో ఒక మిత్రుడు ఆరు పాలిప్స్ ఉన్న ముక్క ఇచ్చాడు. నారింజ నడుము, ఆకుపచ్చ అంచు. మూడేళ్ళలో అది రెండు అరచేతులంత తివాచీ అయింది. పట్టుమని పది కూడా మిగల్లేదు. చూస్తూ నిలబడి ఉండగానే ఫాక్స్‌ఫేస్ వచ్చి, తల పక్కకు వంచి, మిగిలినవాటిలో ఒకదాన్ని పట్టి లాగింది. బుడగలను లాగినట్టే, అంతే ఓపికగా.

ఆకలితో చేసింది, కడుపు నిండితే మానేస్తుందనుకున్నాను. రోజుకు మూడుసార్లు నోరి (ఎండబెట్టిన సముద్రపు నాచు ఆకు) క్లిప్పుకు పెట్టాను. పొట్ట ఉబ్బేలా తినేది, తిన్నాక వెళ్ళి జోయాను కొరికేది. ఒకసారి రుచి తెలిశాక ఆకలితో పని లేదు. లెదర్లు, మష్రూమ్‌లు అనే మెత్తటి పగడాలను మాత్రం ఈ రోజుకీ ముట్టలేదు. ఇదే మనవాళ్ళు ఆలోచించాల్సిన విషయం. బయటి దేశాలవాళ్ళు చాలామంది దీన్ని రీఫ్‌లో వేసుకోమంటారు. వాళ్ళ ట్యాంకుల్లో ఎక్కువగా ఉండేవి రాతి పగడాలు, వాటి జోలికి ఇది అంతగా పోదు. మన దేశంలో రాతి పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, ఇంట్లో పెట్టుకోకూడదు. మనకు మిగిలేవి మెత్తటివి: జోయాలు, మష్రూమ్‌లు, లెదర్లు. అందులో రంగుల కోసం అందరూ మొదట పెంచేది జోయాలనే. వాళ్ళకు చిన్న నష్టం అనిపించేది మనకు ట్యాంకులో సగం.

దాన్ని పట్టడానికి ఒక రాత్రి వల పెట్టాను. నిద్రలో ఉందనుకుని సందులోకి చెయ్యి పోనిచ్చాను. బొటనవేలి మొదట్లో ముల్లు దిగింది. వీపున 13, అడుగున 7, పొట్ట దగ్గరి రెక్కల్లో 4, మొత్తం 24 విషపు ముళ్ళు దీనికి. దీని జాతివాటిని కాశిమేడు చేపల రేవులో తినడానికి అమ్ముతారు, అక్కడ కోసేవాళ్ళు ముందు ముళ్ళే నరికేస్తారు. మోచేతి దాకా పాకిన నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో చెయ్యి ముంచి గంటన్నర కూర్చున్నాక తగ్గింది. వేడికి ఆ విషం విరుగుతుంది. ఊపిరి ఆడకపోవడం, ఒళ్ళు వాయడం లాంటివి ఉంటే ఇంట్లో కూర్చోకుండా ఆసుపత్రికి పోవాలి.

చివరికి నోరి ఎర పెట్టిన యాక్రిలిక్ బోనులో ఐదో రోజు పడింది. కొనుక్కుంటామని ఇద్దరు అడిగారు. ఎవరికిచ్చేదీ తేల్చుకునేదాకా సంప్‌లో, అంటే ట్యాంకు కింద ఉండే ఫిల్టరు తొట్టిలో ఉంచాను. అక్కడ తిరగడానికి చోటు లేదు. పట్టపగలు కూడా ఆ మట్టిరంగు మరకలతోనే ఉండేది, పసుపు తిరిగి రానేలేదు. ఇటు పై ట్యాంకులో నెల తిరక్కుండానే రాళ్ళ మీద పచ్చ గోళీలు మళ్ళీ మొదలయ్యాయి. మొదట మూడు, తర్వాత లెక్కపెట్టడం మానేశాను. రెజిన్ కొత్తది, టీడీఎస్ సున్నా, అయినా వచ్చాయి. ఇన్నాళ్ళూ వాటిని అణచిపెట్టింది నా నీళ్ళు కాదు, ఆ నోరే.

దాన్ని తిరిగి పైన వదిలేశాను. మిగిలిన జోయాలను ఇంకో 2 అడుగుల ట్యాంకులోకి మార్చి, దాన్నీ ఇదే సంప్‌కు కలిపాను. మార్చేటప్పుడు గ్లవ్స్, కళ్ళద్దాలు పెట్టుకున్నాను, కొన్ని జోయాల్లో పాలీటాక్సిన్ అనే విషం ఉంటుంది. అలా పైపులకూ లైటుకూ ఇంకో పన్నెండు వేలు పట్టింది. ఒక చేప కోసం ఇంత ఎందుకని మా ఆవిడ అడిగింది. పైన వదిలిన గంటలోపే దానికి పసుపు రంగు వచ్చింది, అదే చూపించాను.

ఇప్పుడు కరెంటు పోయినా నోరి ఆపను. చిన్న ముక్క క్లిప్పుకు పెట్టి అరగంట తర్వాత మిగిలింది తీసేస్తాను. గుళికల మేతలా అది నీళ్ళలో కరిగిపోదు. ఊరెళితే పక్కింటి అమ్మాయి పొద్దునా సాయంత్రమూ వచ్చి పెడుతుంది. పాలకూర ఉడకబెట్టి చూశాను, ఇష్టంగా తినలేదు.

కొనొచ్చా అని అడిగితే ఇప్పుడు నేను ఎదురు ప్రశ్నలు వేస్తున్నాను. బుడగల బాధ ఉందా? 5 అడుగుల ట్యాంకు ఉందా? 4 అడుగులదైతే వద్దు, రెండో ఏడుకే అది ఇరుకవుతుంది. రోజూ రెండుసార్లు ఆకు పెట్టే మనిషి ఇంట్లో ఉన్నారా? జోయాలే మీ ప్రాణమైతే మాత్రం తేవద్దు. నాకు కుదిరిందంటే ఇంట్లోంచి పనిచేస్తున్నాను గనక, రెండో ట్యాంకుకు చోటుంది గనక. నా మాట విని కొన్న ముగ్గురికీ ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఇద్దరి దగ్గర ఇప్పటిదాకా ఏమీ కాలేదు. మూడో ఆయన తనదాన్ని అప్పటికే ఇచ్చేశాడు.

పోయిన నెల పెద్ద ట్యాంకులో పాత తివాచీ ఉన్న రాయి వెనక, దాని పొడుగు మూతి కూడా దూరని సందులో, నారింజ నడుమున్న పాలిప్స్ నాలుగు కనిపించాయి. ఏ తొక్క ముక్కలోంచి లేచాయో. నిన్నటికి ఐదయ్యాయి.