దామరాలాండ్ క్యాంపా, గ్రూట్‌బర్గ్ లాడ్జా: ఏది మేలు?

నమీబియా వాయవ్యాన ఉన్న కునెనే ఎడారిలో ఏనుగులు, నల్ల ఖడ్గమృగాలు, రైతుల మేకలు ఒకే నేల మీద తిరుగుతాయి. జాతీయ పార్కుల వెలుపల స్వేచ్ఛగా బతికే నల్ల ఖడ్గమృగాలు ప్రపంచంలోకెల్లా ఇక్కడే ఎక్కువ. గ్రామస్థులు ఉమ్మడిగా వాడుకునే నేలల్లో భూమి ప్రభుత్వానిదే అయినా, 1996లో వచ్చిన చట్టం అక్కడి వన్యప్రాణుల మీద, పర్యాటకం మీద గ్రామస్థులకు హక్కులిచ్చింది. వారు ఏర్పరచుకున్న సంఘాలను కన్సర్వెన్సీలు అంటారు. 1998లో నమోదైన తొలి నాలుగింటిలో టోర్రా ఒకటి, ఖోఅదీ హోఆస్ మరొకటి. ఇక్కడ పోల్చబోయే రెండు పర్యాటక బసల్లో దామరాలాండ్ క్యాంపు టోర్రాలో ఉంది, గ్రూట్‌బర్గ్ లాడ్జి ఖోఅదీ హోఆస్‌లో ఉంది.

సౌఖ్యమే కొలమానమైతే దామరాలాండ్‌దే పైచేయి. హువాబ్ నదీలోయను చూస్తూ నిలిచిన గడ్డికప్పు గదులు, చుట్టూ వెల్విషియా అనే ఎడారి మొక్కలు, ఇసుకనదుల వెంట నీటి జాడ వెతుక్కుంటూ నడిచే ఏనుగులు. చిన్న విమానంలో దిగితే చాలు, మిగతాదంతా వాళ్లే చూసుకుంటారు. ఖర్చు మాత్రం మధ్యతరగతి ఊహకు అందేది కాదు. ఈ క్యాంపు 1996లో ఒక ప్రైవేటు సఫారీ సంస్థ, స్థానికులు కలిసి మొదలుపెట్టినది. ఆ స్థానికుల్లో చాలామంది 1970లలో దక్షిణాఫ్రికాలోని రీమ్‌వాస్మాక్ నుంచి బలవంతంగా తరలించబడిన కుటుంబాలవారు. ఊరు పోగొట్టుకుని వచ్చినవారికి ఈ రాళ్లనేల మీద ఒక హక్కు, ఒక ఉద్యోగం దొరికాయి. క్యాంపును కేవలం విలాసంగా కొట్టిపారేయడం నాకు న్యాయంగా అనిపించదు.

అయినా నా ఓటు గ్రూట్‌బర్గ్‌కే. యూరోపియన్ యూనియన్ సాయంతో కట్టి 2005లో తెరిచిన ఈ లాడ్జి పూర్తిగా కన్సర్వెన్సీ సొత్తు. నిర్వహణను మాత్రం ఒక ప్రైవేటు సంస్థకు అప్పగించారు. ఎటెండెకా పీఠభూమి అంచున, క్లిప్ నది లోయ మీదికి తొంగిచూస్తున్నట్టు ఉంటుంది. చివరి దారి ఎంత నిటారుగా ఉంటుందంటే, మామూలు కార్లలో వచ్చినవారు బండిని కిందే వదిలి లాడ్జి వాహనంలో పైకెక్కాలి.

ఇక్కడ ఏనుగుతో కలిసి బతకడమంటే ఏమిటో ఒక నీటి ట్యాంకును చూస్తే తెలుస్తుంది. దాని చుట్టూ బండరాళ్లు పేర్చిన మందపాటి గోడ ఉంటుంది. అది లేకపోతే దాహంతో వచ్చిన ఏనుగు గొట్టం పీకేస్తుంది, ట్యాంకు పగలగొడుతుంది. ఆ రైతు పశువులకు మర్నాడు చుక్క నీరుండదు. అందుకే కన్సర్వెన్సీ ఏనుగులకు వేరే నీటి తావులు కట్టింది, పంపులకు డీజిల్ ఇస్తోంది. ఆ ఖర్చులన్నిటికీ ఆదాయం కావాలి. తన పశువుల నీళ్లు తాగి వెళ్లిన ఏనుగును రైతు ఓర్చుకోవాలంటే, అది బతికుండటం వల్ల అతనికీ ఏదో ఒకటి దక్కాలి కదా!

దామరాలాండ్ పద్ధతిలోనూ ఒక బలం ఉంది. లాభమొచ్చినా రాకపోయినా గదుల రాబడిలో వాటా ఊరికి చేరుతుంది. పెట్టుబడి బరువు సంస్థ మోస్తుంది. సొంత లాడ్జి అయితే లాభంతోపాటు నష్టం కూడా ఊరిదే. 2020లో పర్యాటకులు ఆగిపోయినప్పుడు ఈ తేడా చిన్నది కాదు. అయినా మేనేజరును మార్చుకునే అధికారం, గోడలమీద హక్కు ఊరి చేతిలో ఉండటం నా దృష్టిలో అంతకన్నా విలువైనది.

ఏనుగులే ప్రధానమై, రోజులు తక్కువగా ఉండి, డబ్బుకు వెనుకాడనివారు దామరాలాండ్ వెళ్లండి. సొంతంగా కారు నడుపుకుంటూ తిరిగేవారికి, ఖడ్గమృగాన్ని కాలినడకన వెతకాలనుకునేవారికి గ్రూట్‌బర్గ్ సరైనది. గాలి వాటం చూసుకుంటూ, గైడు ఆగమన్న చోట ఆగుతూ చేసే ఆ ప్రయాణానికి రోజంతా పడుతుంది, కనబడుతుందన్న హామీ ఉండదు. వేటగాళ్ల భయం ఉంది కనుక ఫోటోలు పెట్టేటప్పుడు ఫోనులో లొకేషన్ ఆపేయండి.

మే నుంచి అక్టోబరు వరకు మంచి కాలం. జూన్, జూలై రాత్రులు గడ్డకట్టించే చలి. శాకాహారులైతే బుకింగ్ అప్పుడే చెప్పాలి, కూరగాయలు చాలా దూరం నుంచి రావాలి. గ్రూట్‌బర్గ్‌లో కనీసం రెండు రాత్రులు ఉండేలా చూసుకోండి, లేకపోతే ఖడ్గమృగాన్ని వెతికే ఆ రోజంతా ప్రయాణానికి సమయమే దొరకదు.