నక్షత్రాల రంగులు చూడాలంటే ఈ బైనాక్యులర్ చాలు

చంద్రగిరి దగ్గర హైస్కూల్లో ఫిజిక్స్ చెప్తాను. పిల్లలకు ఆకాశం చూపించడానికి 10×50 బైనాక్యులర్ కొన్నాను. పది రెట్లు పెద్దగా చూపిస్తుంది, ముందు అద్దాలు 50 మిల్లీమీటర్లు. చంద్రుడి మీద గుంటలు బాగానే తెలుస్తాయి. శని వలయాల కోసమైతే కొనొద్దు, కనిపించవు.

నేను మెచ్చుకునేది నక్షత్రాల రంగుల విషయంలో. మసక వెలుతురులో మన కంటికి రంగు సరిగ్గా తెలియదు. ఈ అద్దాలు ఎక్కువ కాంతిని పోగుచేస్తాయి కాబట్టి ఆర్ద్ర ఎర్రగా, రోహిణి నారింజ రంగులో, రైజెల్ అనే నక్షత్రం నీలం కలిసిన తెలుపులో కనిపిస్తాయి. ఫోకస్ కాస్త పక్కకు తిప్పి చూడండి, రంగు ఇంకా తేటపడుతుంది. పిల్లలైతే తమ జన్మనక్షత్రం చూపించమని ఒకటే గొడవ!

ఎర్రదే ఎక్కువ వేడి అనుకుంటారు అందరూ. నిజానికి ఆర్ద్ర ఉపరితల ఉష్ణోగ్రత సుమారు 3,500 కెల్విన్లు, రైజెల్ సుమారు 12,000. రంగులో ఇంత తేడా ఉన్నా రెండింటిలోనూ ఎక్కువగా ఉన్నది హైడ్రోజనే. నక్షత్రాల వర్ణపటాల్లో (వాటి కాంతిని విడదీస్తే వచ్చే రంగుల పట్టీల్లో) తేడాలకు ముఖ్య కారణం వేడి అని మన భౌతిక శాస్త్రవేత్త మేఘనాద్ సాహా 1920లో ఇచ్చిన సమీకరణంతో తేలింది. దాని ఆధారంగానే 1925లో ఖగోళ శాస్త్రవేత్త సిసీలియా పేన్ హైడ్రోజన్ సంగతి బయటపెట్టింది.

మా క్లాసులో ఒక అమ్మాయిని తోటి పిల్లలు 'కర్రిది' అని పిలుస్తారు. వింటే నాకు ఒళ్లు మండుతుంది. అందుకే పిల్లలకు నక్షత్రాలు చూపించిన రాత్రి చర్మం గురించి కూడా చెప్పాను. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ అనే పదార్థాన్ని తయారుచేసే కణాలు అందరిలో దాదాపు అన్నే ఉంటాయి, అవి ఎంత మెలనిన్, ఏ రకం తయారుచేస్తాయన్నదే తేడా అని. "అయితే మేడమ్, మనుషుల్లో కూడా రంగును బట్టి గుణం చెప్పొచ్చా?" అన్నాడొక అబ్బాయి. మంచి ప్రశ్న. చుక్క రంగు దాని వేడి చెప్తుంది. మనిషి రంగు మెలనిన్ సంగతి తప్ప తెలివి గురించి, గుణం గురించి ఏమీ చెప్పదు. ఈ పోలిక అక్కడితో ఆగాలని గట్టిగా చెప్పాను.

లోపాలూ ఉన్నాయి. చెయ్యి వణికితే చుక్క కూడా వణుకుతుంది, స్టాండుకు బిగించే ముక్క విడిగా కొనుక్కోవాలి. అంచుల్లో ఊదారంగు చార పడుతుంది కాబట్టి నక్షత్రాన్ని మధ్యలో ఉంచితేనే అసలు రంగు తెలుస్తుంది. తిరుపతిలో వీధిలైట్ల మధ్య మేడ మీద నుంచైనా పెద్ద చుక్కలు చూడొచ్చు. వేసవిలో జ్యేష్ఠ, స్వాతి, చిత్త దొరుకుతాయి. పగలు మాత్రం పిల్లల చేతికి ఇవ్వకండి, పొరపాటున సూర్యుడి వైపు తిప్పితే కళ్లు పోతాయి.